బహుమతి కాగితానికా, చదివి చేసిన మనిషికా?

సెప్టెంబరు 15 ఇంజనీర్స్ డే, మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టినరోజు. ఆ వారంలో రాజమండ్రి నుంచి అమలాపురం దాకా, భీమవరం నుంచి నరసాపురం దాకా ఇంజనీరింగ్ కాలేజీల్లో పోటీల సందడి ఉంటుంది. పేపర్ ప్రెజెంటేషన్, పోస్టర్ ప్రెజెంటేషన్, టెక్నికల్ రైటింగ్. ఫలితాలు చెప్పిన సాయంత్రం క్యాంటీన్‌లో ఒక మాట వినిపిస్తూనే ఉంటుంది: "మనది చదివితే అర్థమవుతుందిరా. వాళ్ళది చూస్తే బాగుంటుంది. ప్రైజు చూసేదానికే ఇచ్చారు."

ఓడిపోయినవాళ్ళు అలాగే అంటారులే అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఒక ఏడాది గోదావరి డెల్టాలోని ఒక కాలేజీలో టెక్నికల్ రైటింగ్ పోటీకి ముగ్గురు జడ్జీల్లో ఒకడిగా కూర్చున్నాక ఆ మాటను తేలిగ్గా తీసుకోలేకపోయాను. అందులో ఎంత నిజముంది, ఎంత లేదు, నిజమున్నచోట దానికి కారణమేంటి అన్నది ఇక్కడ విడదీసి చూద్దాం.

రెండు కాగితాలు, ఒక నుయ్యి

ఆ ఏడాది ఇచ్చిన అంశం: వరద తగ్గాక ఇంటి నూతిలో బ్లీచింగ్ పౌడర్ ఎలా వేసుకోవాలో ఒక పేజీలో రాయాలి. చదివేది లంక గ్రామంలోని, అంటే గోదావరి పాయల మధ్య ఊళ్ళోని గృహిణి.

మొదటి బహుమతి వచ్చిన కాగితం నాలుగు రంగుల్లో ఉంది. మధ్యలో నుయ్యి బొమ్మ, చుట్టూ బాణాలు, కింద ఒక సూత్రం. నూతి వ్యాసం, నీటి లోతు మీటర్లలో కొలిచి, వ్యాసాన్ని వ్యాసంతోనే హెచ్చించి, దాన్ని లోతుతోనూ 3.14తోనూ హెచ్చించి, నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని వెయ్యితో హెచ్చిస్తే నీళ్ళు ఎన్ని లీటర్లో తెలుస్తుంది. ప్రతి 1000 లీటర్లకు 2.5 గ్రాముల పౌడర్. లెక్కలో తప్పు లేదు. ప్రజారోగ్య పుస్తకాల్లో ఉన్న లెక్కే అది.

ఏ బహుమతీ రాని ఇంకో కాగితం నలుపు తెలుపు. బొమ్మ లేదు. చేత్తో గీసిన చిన్న పట్టిక ఉంది. "మీ నూతిలో నీళ్ళు ఎన్ని ఒరల మేర ఉన్నాయో లెక్కపెట్టండి" అని మొదలవుతుంది. మన వైపు ఇళ్ళల్లో నూతులు చాలావరకు గుండ్రటి సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దింపినవే కదా. మూడడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ఒక ఒరలో సుమారు 200 లీటర్లు పడతాయి. ఐదు ఒరల నీళ్ళంటే 1000 లీటర్లు, అంటే రెండున్నర గ్రాములు. పది ఒరలైతే ఐదు గ్రాములు, ఇంచుమించు ఒక టీ స్పూను. ఆ పిల్లలు సూత్రాన్ని తామే చేసేసి, గృహిణికి లెక్కపెట్టడం ఒక్కటే మిగిల్చారు. (ఇది మామూలు నీటికి సరిపోయే మోతాదు. వరద నీరు కలిసిన నూతికి ఎక్కువ కావాలి. అది ఎంతో ఆరోగ్య సిబ్బంది నీటిని పరీక్షించి చెబుతారు. రెండు కాగితాల్లోనూ ఈ హెచ్చరిక ఉంది.)

పోటీ అయ్యాక రెండింటి జిరాక్సులూ తీసుకుని మా పెద్దమ్మ వాళ్ళ లంకకు వెళ్ళాను. రంగుల కాగితం చూసి "ఎంత బాగా వేశార్రా" అంది. సూత్రం దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసేసి, "ఇది మీ తమ్ముడొచ్చాక చూస్తాడులే" అని పక్కన పెట్టేసింది. రెండోది చదివి, లేచి నూతి గట్టు మీద చెయ్యేసి వంగి, ఒరలు లెక్కపెట్టింది.

అయితే కథ ఇక్కడితో ఆగలేదు. పౌడర్‌ను బకెట్ నీళ్ళలో కలిపి, కాసేపు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన ఉన్న తేటను మాత్రమే నూతిలో వెయ్యాలి. రెండో కాగితంలో ఈ సంగతి ఒక పొడుగు వాక్యం మధ్యలో ఇరుక్కుపోయింది, పెద్దమ్మకు అది తగల్లేదు. రంగుల కాగితంలో రెండు బకెట్లు, మధ్యలో ఒంపుతున్న చెయ్యి బొమ్మ వేశారు. ఆ బొమ్మ చూడగానే "ఓహో, తేటే పొయ్యాలా" అంది. అందంగా ఉన్న కాగితం ఒకచోట పనిచెయ్యలేదు, ఇంకోచోట రెండోదానికన్నా బాగా పనిచేసింది.

సాంకేతిక రచన అంటే ఏ రచన?

చదివినవాళ్ళు దాన్నిబట్టి ఒక పని చెయ్యడానికి, లేదా ఒక నిర్ణయం తీసుకోవడానికి రాసినది. నీళ్ళ మోటారు పెట్టెలో వచ్చే కాగితం, రొయ్యల చెరువులో ఏరియేటర్ బిగించే పద్ధతి, పురుగుమందు డబ్బా మీది లేబుల్, వరద బులెటిన్ అన్నీ ఇందులోకే వస్తాయి. కథ బాగుందో లేదో చదివినప్పుడే తెలిసిపోతుంది. దీని సంగతి మాత్రం కాగితం పక్కన పెట్టి పనిలోకి దిగాకే తెలుస్తుంది.

ఈ వృత్తికి ప్రపంచంలో పోటీలు కొత్తకాదు. అమెరికాలో 1953 నుంచి మూలాలున్న సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ దశాబ్దాలపాటు ఇలాంటి పోటీలు నడిపింది. స్థానిక శాఖల్లో గెలిచినవి అంతర్జాతీయ స్థాయికి వెళ్ళేవి. ఆ సంస్థ 2025 జనవరిలో మూతపడింది. జర్మనీలో 1978లో పుట్టిన టెకామ్ అనే ఇలాంటి సంఘం కూడా వాడకం పుస్తకాలకు బహుమతి ఇస్తూ వచ్చింది. ఇలాంటిచోట్ల జడ్జీలు ఎక్కువగా అదే వృత్తిలోని అనుభవజ్ఞులు. పక్షపాతం, అజ్ఞానం అని వాళ్ళ మీద నింద వెయ్యడం సరికాదు. ఇబ్బంది వేరేచోట ఉంది.

మార్కుల పట్టికలో ఏం జరుగుతుంది

మా దగ్గరికి ఆ రోజు 38 కాగితాలు వచ్చాయి. మాకు ఇచ్చిన సమయం రెండున్నర గంటలు. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు కూడా పడలేదు. ఆ నాలుగు నిమిషాల్లో పొందిక కనిపిస్తుంది, భాష కనిపిస్తుంది, అక్షరదోషం దొరుకుతుంది. ఒక గృహిణి ఎక్కడ ఆగిపోతుందో మాత్రం కనిపించదు, ఎందుకంటే ఆవిడ ఆ గదిలో లేదు. పైగా మేం ముగ్గురం లెక్కలు వచ్చినవాళ్ళం. సూత్రం మాకు అడ్డుగా అనిపించలేదు.

మార్కుల పట్టిక ఇలా ఉండేది: విషయం 25, భాష 20, అమరిక 20, బొమ్మలు 20, కొత్తదనం 15. రంగుల కాగితానికి వరసగా 19, 16, 18, 18, 12 పడ్డాయి, మొత్తం 83. ఒరల కాగితానికి 22, 15, 10, 8, 11, మొత్తం 66. విషయంలో ఒరల కాగితమే మూడు మార్కులు ముందుంది. అమరికలో ఎనిమిది, బొమ్మల్లో పది పోగొట్టుకుంది. తేడా 17 అయితే, ఆ రెండు గడుల్లోనే 18 వచ్చేశాయి.

ఇంతకన్నా కలవరపెట్టేది ఇంకోటి ఉంది. రంగుల కాగితంలో 2.5 బదులు పొరపాటున 25 గ్రాములు అని పడిందనుకుందాం. జడ్జి గమనిస్తే విషయంలో ఓ ఐదు మార్కులు తీసేస్తారు. అప్పటికీ దానికి 78, మొదటి బహుమతి దానిదే. పదిరెట్ల మోతాదు చెప్పిన కాగితం గెలిచేస్తుంది! మార్కులు కూడుకుంటూ పోయే పద్ధతిలో ఒక గడిలోని ప్రమాదాన్ని ఇంకో గడిలోని అందం పూడ్చేస్తుంది. నూతి దగ్గర అలా పూడదు. అందుకే కొందరు ముందు గడప పెట్టాలంటారు: మోతాదు, క్రమం, హెచ్చరిక సరిగ్గా ఉంటేనే మిగతా మార్కుల జోలికి వెళ్ళాలి. నాకు ఈ వాదన బలంగానే అనిపిస్తుంది. గడప దాటినవాటి మధ్య మాత్రం మళ్ళీ అదే చిక్కు ఎదురవుతుంది.

కంటికి నచ్చింది మనసుకు తేలికనిపించడం

మన టీచర్లు దస్తూరీ బాగుంటే మార్కులు పడతాయని చెప్పేవారు. అది ఊరికే అన్న మాట కాదు. ఒక మనిషిలో ఒక గుణం నచ్చితే మిగతా గుణాలకూ ఎక్కువ విలువ కడతామని మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థోర్న్‌డైక్ 1920లోనే చూపించాడు. కాగితాల విషయంలోనూ జరిగేది దాదాపు అదే.

1995లో జపాన్‌లో కురోసు, కషిమురా అనే ఇద్దరు పరిశోధకులు ఏటీఎం తెర మీద మీటలను 26 రకాలుగా అమర్చి 252 మందికి చూపించారు. ఏది అందంగా ఉంది, ఏది వాడటానికి తేలికగా ఉంటుందనిపిస్తోంది అని అడిగారు. వాడకంలో నిజంగా ఏది తేలికో దానితో కన్నా, ఏది అందంగా ఉందో దానితోనే వాళ్ళ జవాబులు ఎక్కువ కలిశాయి. రెండేళ్ళ తర్వాత ట్రాక్టిన్‌స్కీ అనే పరిశోధకుడు ఇజ్రాయెల్‌లో మళ్ళీ చేసి చూశాడు. అక్కడి జనం అందానికి అంత లొంగరనుకున్నాడు. ఆ సంబంధం ఇంకా గట్టిగా కనిపించింది. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది, ఆ 252 మంది అమర్చిన తీరును చూసి చెప్పారంతే, డబ్బు తీసుకోలేదు. మా జడ్జీల గదిలో మేమూ అంతే.

ఒకే కాగితం మీద జడ్జీల మాట ఒకటి కాకపోవడం మరో చిక్కు. 1961లో పాల్ డీడరిక్, ఆయన సహచరులు అమెరికాలో 300 వ్యాసాలను వేర్వేరు వృత్తులకు చెందిన 53 మందితో దిద్దించారు. మొత్తం తొమ్మిది గ్రేడులు. నూటికి 94 వ్యాసాలకు కనీసం ఏడు వేర్వేరు గ్రేడులు పడ్డాయి. అంటే ఒకే వ్యాసం ఒకరికి అద్భుతం, ఇంకొకరికి పనికిరానిది. ఒకరు ఆలోచన చూశారు, ఒకరు అక్షరదోషాలు చూశారు, ఒకరు నిర్మాణం చూశారు. ఇది విన్నాక జడ్జీలు అందానికే మార్కులేస్తారు అనడం కూడా పూర్తిగా సరైన మాట కాదని తెలుస్తుంది. అభిప్రాయాలు ఇన్ని దారులు పట్టినప్పుడు, అందరి కంటికీ ఒకేలా ఆనేది పైరూపమే కాబట్టి సగటు తీసేసరికి అదే తేలుతుందని నా అనుమానం.

అందం అనుకునేది చాలాసార్లు అర్థమే

ఇక రెండో పక్షం. అమరికకు మార్కులు వెయ్యడం తప్పు అనేవాళ్ళు ఒక తెలుగు కరపత్రాన్ని దగ్గరగా చూడాలి. తెలుగులో అక్షరం కింద ఒత్తులుంటాయి, పైన గుడులుంటాయి. వరసల మధ్య చోటు ఇంగ్లీషుకు సరిపోయినంతే వదిలితే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. చిన్న సైజులో, జిరాక్సులో అది మరకలా మారుతుంది. వరసల మధ్య చోటు పెంచడం అలంకరణ కాదు, చదవగలగడానికి కావాల్సిన కనీస అవసరం. అలాగే 2.5లో చుక్క. నాలుగు జిరాక్సులయ్యేసరికి అది మాయమైతే 25 మిగులుతుంది. ఒరల కాగితం పిల్లలు "రెండున్నర" అని అక్షరాల్లో రాశారు. ఎంత ముందుచూపో! ఆ రోజు ఏ జడ్జీ దానికి మార్కు వెయ్యలేదు, నాతో సహా. దానికి మా పట్టికలో గడి లేదు.

పురుగుమందు డబ్బాల మీద రంగుది ఇంకో పాఠం. మన దేశంలో 1971 నాటి నిబంధనల ప్రకారం లేబుల్ మీద వజ్రం ఆకారంలో గుర్తు ఉండాలి. దాని కింది త్రికోణంలో రంగు విషం తీవ్రతను చెబుతుంది. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర పచ్చ. ఇక్కడ రంగే సమాచారం. కానీ పచ్చ అంటే "పర్లేదు" అనుకునే అలవాటు మనకుంది. నిజానికి అది విషం లేదని కాదు, కాస్త తక్కువని. చూడగానే తెలిసిపోయేట్టుండటం ఒకటి, చూడగానే సరిగ్గా తెలియడం ఇంకొకటి. జడ్జి కంటికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ మన ఇంటి ముందే ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఇంచుమించు పది, పదమూడు, పదిహేడు లక్షల క్యూసెక్కులకు లెక్క. బులెటిన్‌లో బొమ్మ ఉండదు, రంగు ఉండదు, "మీరు ఇప్పుడు ఇది చెయ్యండి" అని కూడా చాలాసార్లు ఉండదు. బయటినుంచి వచ్చిన జడ్జికి చూపిస్తే పాతిక మార్కులు కూడా వెయ్యరు. అయినా కనకాయలంకలో ఉన్నవాళ్ళకు ఆ అంకె వింటే చాలు, కాజ్‌వే సంగతేంటో, పశువులను ఎప్పుడు గట్టు మీదికి తోలాలో లెక్క కట్టేసుకుంటారు. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు "రెండువేల ఆరు తర్వాత ఇదే" అని పెద్దలు వెంటనే అనగలిగారు. తరతరాలుగా ఆ అంకెలతో బతికారు కాబట్టి అంత బోడి రాత కూడా వాళ్ళకు పనిచేస్తోంది. నిరుడే పెళ్ళయి మెట్ట నుంచి లంకకు వచ్చిన కోడలికి మాత్రం ఆ అంకె ఏమీ చెప్పదు. ఒకే రాత, ఇద్దరు పాఠకులు. బులెటిన్ బాగుందా లేదా అన్న ప్రశ్నకు కాగితం ఒక్కదాన్నీ చూసి జవాబు చెప్పలేం.

ఫలితాన్ని కొలిచిన చోటు

చదివినవాళ్ళు ఏం చేశారన్నదాన్ని కొలవడం కుదరదంటారు కొందరు. ఎంతో పెద్ద స్థాయిలో కుదిరిన సందర్భం ఒకటుంది, అదీ మనలాంటి డెల్టాలోనే. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి 1990 దాకా ఇంటింటికీ వెళ్ళి, విరేచనాలైన పిల్లలకు ఉప్పు, బెల్లం నీళ్ళు కలపడం తల్లులకు నేర్పింది. సుమారు 1.2 కోట్ల ఇళ్ళు. మూడు వేళ్ళతో తీసిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు. గ్రాములు, లీటర్లు లేవు, ఎందుకంటే ఆ తల్లుల దగ్గర తూకం లేదు.

నేర్పిన కార్యకర్తలకు జీతం కట్టిన పద్ధతి నాకు ఎప్పుడు గుర్తొచ్చినా ఆశ్చర్యమే. ఎన్ని ఇళ్ళకు వెళ్ళారు, ఎంత బాగా చెప్పారు అని చూడలేదు. కొన్ని వారాల తర్వాత వేరే మనిషి కొన్ని ఇళ్ళకు వెళ్ళి ఆ తల్లిని అడిగేవాడు, కలిపి చూపించమనేవాడు. ఆవిడకు ఎంత గుర్తుంది, ఎంత సరిగ్గా కలిపింది అన్నదాన్నిబట్టి కార్యకర్తకు డబ్బు. కలిపిన నీళ్ళ నమూనాలు ప్రయోగశాలకూ వెళ్ళేవి. బహుమతి నేర్పిన మనిషికి అందేది, మార్కు మాత్రం నేర్చుకున్న చేతి నుంచి వచ్చేది.

ప్రమాణాలు కూడా ఇటే నడుస్తున్నాయి. వాడుకకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9241-11 పని పూర్తయిందా, ఎంత శ్రమతో, వాడినవాళ్ళకు తృప్తి కలిగిందా అని మూడు కొలతలు పెట్టుకుంది. 2023లో వచ్చిన సరళభాష ప్రమాణం ఐఎస్ఓ 24495-1 పాఠకుడికి కావాల్సింది ఉందా, దొరుకుతుందా, అర్థమవుతుందా, వాడుకోగలడా అని అడుగుతుంది. రెండింటిలోనూ "అందం" అన్న గడి విడిగా లేదు. అందం పనికొస్తే ఈ ప్రశ్నల జవాబుల్లోనే తెలిసిపోతుంది.

పాఠకుడిని పిలిస్తే చిక్కులు తీరతాయా?

అంత తేలిక కాదు. మొదటి చిక్కు మర్యాద. మన గోదావరి జిల్లాల్లో "అర్థమైందాండీ?" అని అడిగితే "ఆయ్, అర్థమైందండి" అనేస్తారు. చదువుకున్న పిల్లలు ఇంత కష్టపడి రాసుకొస్తే కాలేదని ఎలా అంటారు పాపం. కాబట్టి అడగడం కాదు, చేయించి చూడాలి. దానికి సమయం కావాలి, బకెట్లు కావాలి.

ఎంతమందిని పిలవాలన్నది ఇంకో ప్రశ్న. ఐదుగురితో పరీక్షిస్తే లోపాల్లో చాలాభాగం బయటపడతాయని వాడుక పరీక్షల నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట బాగా ప్రచారంలో ఉంది. ఆ లెక్క ఒక రాతలో తప్పులు వెతకడానికి పనికొస్తుంది కానీ, రెండు రాతల్లో ఏది మేలో తేల్చడానికి ఐదుగురు చాలరు. పోటీకి కావాల్సింది రెండోది. ఒకరికి అంతకుముందే బ్లీచింగ్ వెయ్యడం వచ్చి ఉంటే ఆవిడకు ఏ కాగితమిచ్చినా చేసేస్తుంది.

పోటీని ఉన్నట్టే ఉంచాలనేవాళ్ళ వాదనలోనూ పస ఉంది. పిల్లలు ఒక పేజీని శ్రద్ధగా అమర్చడం నేర్చుకునేది ఇలాంటిచోటే. అనుభవమున్నవాళ్ళు పక్కన రాసిచ్చే వ్యాఖ్యలు బహుమతికన్నా విలువైనవి. పాఠకురాలు ఆగిపోయిందని చూపించగలదు కానీ, ఎందుకు ఆగిందో, ఎలా దిద్దాలో చెప్పేది ఆ అనుభవమే. నేను ఈ మాటను పూర్తిగా ఒప్పుకుంటాను. నా పట్టుదల ఒక్కదాని మీదే: పోటీ పేరు "మంచి పేజీ" అయితే జడ్జీలు చాలు. "బాగా అర్థమయ్యేలా చెప్పడం" అయితే, ఎవరికి చెప్పారో ఆ మనిషి లేకుండా ఫలితం ప్రకటించకూడదు.

మరుసటి ఏడాది అదే కాలేజీలో నిర్వాహకులను ఒప్పించి చిన్న ప్రయత్నం చేశాం. అంశం మళ్ళీ నూతి నీళ్ళే. మా ముగ్గురి మార్కుల్లో ముందున్న ఐదు కాగితాలను హాస్టల్ వంటింట్లో పనిచేసే ఐదుగురు ఆడవాళ్ళకు తలా ఒకటి ఇచ్చి, పౌడర్ బదులు సున్నం పెట్టి, చేసి చూపించమన్నాం. మేం మాట్లాడకూడదు, ఎక్కడ ఆగారో రాసుకోవాలి. మేం మొదటి స్థానమిచ్చిన కాగితమే అక్కడా మొదట నిలిచింది. అది అందంగానూ ఉంది. రెండో స్థానంలోది మాత్రం కిందికి జారిపోయింది. అది అందుకున్నావిడ సున్నం కలిపి, మూడో వరస దగ్గర ఆగి, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకుంది. అక్కడ "అవక్షేపం అడుగుకు చేరిన పిదప" అని ఉంది. రాసిన కుర్రాడు గుమ్మం దగ్గర నిలబడి టెన్షన్‌గా చూస్తున్నాడు. ఆవిడ తలెత్తి అతన్నే అడిగింది.

"అవక్షేపం అంటే ఏంటి బాబూ?"

"అంటే, అడుగున పేరుకునే సున్నం అండి. అది దిగాక పైన మిగిలిన నీళ్ళు పొయ్యాలి."

"తేట అని రాయొచ్చుగా మరి" అంది. అతను జేబులోంచి పెన్ను తీశాడు.